తప్పిపోయిన గడప

మూడుసార్లు గెలిచిన కౌన్సిలర్ ఇల్లు ఈసారి వార్డుల విభజనలో పక్క వార్డులోకి పోయింది. ఆ వార్డులో నిలబడ్డ పాత ప్రత్యర్థి ఓటడగడానికి నేరుగా ఆ ఇంటికే వచ్చాడు.

"మా ఇంట్లో నీకు ఓటా?" కౌన్సిలర్ నవ్వాడు.

ప్రత్యర్థి అతని భార్యకు నమస్కరించాడు. "మీ ఓటు నాకే వెయ్యాలి అక్కయ్యా. ఇబ్బందులేమైనా ఉంటే చెప్పండి."

"వంటింటి వెనక మురుక్కాలవ పొంగుతోంది తమ్ముడూ. ఏళ్లయింది, కిటికీ తెరవలేం."

కౌన్సిలర్ తెల్లబోయాడు. "నాకెప్పుడైనా చెప్పావా?"

"గడపగడపా తిరిగారు, మన గడప తప్ప. అడిగినవాళ్లకే కదండీ చెప్పుకుంటాం?" అని ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. "రండి తమ్ముడూ, చూపిస్తాను."

ప్రత్యర్థి చెప్పులు విప్పి లోపలికి నడిచాడు. కౌన్సిలర్ తన ఇంటి కాలవ చూడడానికి అతని వెనకే వెళ్లాడు.