మూసిన కిటికీల వీధి

“కిటికీ మూసే ఉంది,” అంది కోడలు, అత్తగారి వైపు చూడకుండా.

లెక్కల ఆఫీసరు తల ఊపాడు కానీ పెన్ను కదపలేదు. నీళ్ళ ట్యాంకు దగ్గర క్లోరిన్ సిలిండరు పగిలిన మధ్యాహ్నం, ఈ వీధిలో ఎవరి ఒంట్లోకి ఎంత గ్యాసు వెళ్ళిందో అంచనా కట్టడం అతని పని. అందుకు అడిగేవి చిన్న ప్రశ్నలే. అప్పుడు ఎక్కడున్నారు, పడుకున్నది నేల మీదా మంచం మీదా, కిటికీ తీసి ఉందా లేదా. వింతేమిటంటే, అంత ఉక్కలోనూ వీధి వీధంతా కిటికీలు బిగించుకునే పడుకుందట. గ్యాసు పాకేశాక ఎప్పటికో మైకులో కిటికీలు మూసుకోమన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ, తెరిచి పడుకున్నవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు.

మూల చాప మీద కూర్చున్న పిల్లాడు బొమ్మ బస్సు తోస్తూ మధ్యమధ్య దగ్గుతున్నాడు. మూసే ఉందని రాస్తే వాడి లెక్క సున్నాకి దగ్గర పడుతుంది. అలా పడ్డ పిల్లల ఊపిరితిత్తుల్ని ఇక ఎవరూ పరీక్షించరు.

అతను వెంట వచ్చిన నర్సు వైపు చూశాడు. వేరే ఊరినుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినా ఆమెకు అర్థమైంది. బీపీ చూస్తానంటూ అత్తగారిని వరండాలోకి తీసుకుపోయింది. తనకు బీపీ ఎవరివల్ల వచ్చిందో ఆవిడ అక్కడ వివరంగా చెప్పడం లోపలికి వినబడుతూనే ఉంది.

అతను గొంతు తగ్గించాడు.

“ట్యాంకు అవతల మా ఇంట్లో తెరిచే ఉందమ్మా. పాపకి చెమట పట్టేస్తోందని నేనే తీశాను. మెడ కింద జుట్టంతా తడిసిపోయింది. కాస్త గాలి తగలగానే అటు తిరిగి పడుకుంది.”

ఆమె మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. “ఇప్పుడెలా ఉంది సార్?”

“బానే ఉంది. బడికి పోనని పేచీ. మొదట్లోనే డాక్టరుకి చూపించాం కాబట్టి మందులతో పోయింది.”

ఆమె వరండా వైపు ఒకసారి చూసింది. పిల్లాడు మళ్ళీ దగ్గాడు.

“నేనే తీశాను సార్,” అంది చివరికి. “అత్తయ్యకి తెలిస్తే నన్ను బతకనివ్వదు.”

ఆవిడకి తెలియనక్కర్లేదని, డాక్టరుకి తెలిస్తే చాలని అతను చెప్పాడు. పిల్లాణ్ణి రేపే పరీక్షకి తీసుకురమ్మన్నాడు. ఆమె అరచేత్తో కళ్ళు తుడుచుకుని వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

బయటికి వచ్చాక నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది.

“మీకు పిల్లల్లేరని ఆఫీసులో అన్నారే. భలే అల్లారు సార్. ఆ జుట్టు తడవడం అదీ వింటుంటే నేనే నమ్మేశాను.”

“నిజం చెబితే భయపడి ఇంకా బిగుసుకుపోతారు,” అన్నాడతను.

పక్కింటి కిటికీలు కూడా మూసే ఉన్నాయి. అతను చెప్పులు విడిచి తలుపు తట్టాడు.

ఆ గ్యాసుకు మొట్టమొదట చనిపోయింది అతని కూతురే.