గంటా పావు ప్రయాణం

“సార్, హైదరాబాద్ ఇంకెంత దూరం ఉంటది?”

పక్క సీటాయన అలా అడగడం మూడోసారి. కిరణ్ పాల్ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

బొంబాయి నుంచి ఆరువందల చిల్లర కిలోమీటర్లని, గంటా పావులో బేగంపేటలో దిగుతామని కెప్టెన్ ఇంగ్లీషులో చెప్పనే చెప్పాడు. ఈయనకు అర్థమైనట్టు లేదు. నలిగిన చొక్కా, మెడలో మఫ్లరు. పక్కవాడు తెలుగువాడని తెలిసిన దగ్గర్నుంచీ వదలడం లేదు.

“జర అర్జెంటు పనుంది సార్. అందుకే అడుగుతున్న.”

“అందరికీ అర్జెంటేనండీ,” అని కళ్లు మూసుకున్నాడు కిరణ్.

మాదాపూర్‌లో ఉద్యోగం అతనిది. ఆఫీసు పనిమీద వారం క్రితం బొంబాయి వచ్చాడు. పొద్దున్నే బావమరిది సాల్మన్ ఫోన్ చేసి, భార్య సుగుణకు కాన్పు కష్టమైందని, బిడ్డ క్షేమమే కానీ తల్లికి బాగాలేదని, వెంటనే రమ్మని చెప్పాడు. అప్పటినుంచీ అతని మనసు మనసులో లేదు.

బేగంపేటలో దిగగానే పరుగున వెళ్లి టాక్సీ ఎక్కాడు. తలుపు వేసుకునేలోపు ఆ మఫ్లరాయన రొప్పుతూ వచ్చాడు. తన కోసం బండి రావాలని, ఇంకా రాలేదని చెప్పాడు.

“మీరు మాదాపూర్ దిక్కు పోతున్నరా సార్?”

ఎక్కించుకుంటే సందుసందూ తిరగాల్సి వస్తుందనుకున్నాడు కిరణ్.

“అటు కాదండీ.”

టాక్సీ కదిలింది.

మాదాపూర్ నర్సింగ్ హోమ్‌లో సుగుణ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం చాలా పోయిందని, ఎక్కించాల్సిన రక్తం దారిలో ఉందని డాక్టరమ్మ చెప్పింది. కిరణ్ భార్య చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తూ కూర్చున్నాడు. రక్తం మాత్రం ఎంతకీ రాలేదు. ఒక దశలో ఆమె చేతిలో పట్టు సడలిపోయింది. నర్సులు అతన్ని బయటికి పంపేశారు.

ఆ తర్వాత చాలాసేపటికి రక్తం సీసాతో ఒక నర్సు లోపలికి పరుగెత్తింది.

సాయంత్రానికి గండం గడిచిందన్నారు. కిరణ్ వరండాలో కూలబడి, కళ్లు తుడుచుకుని, అంత ఆలస్యం ఎందుకైందని సాల్మన్‌ని అడిగాడు.

“చెల్లిది ఎక్కడో గాని దొరకని గ్రూపట బావా. ఊరంతా గాలించాం. నువ్వు ఎయిర్‌పోర్టుకి బయల్దేరాక ఒకాయన దొరికాడు. నర్సింహ అని, మగ్గం పని చేస్తాడట. రక్తం ఇచ్చి, కాసేపు పడుకుని, ఇందాకే రైలుకి వెళ్లిపోయాడు.”

“ఒక్కమాట చెప్పకూడదూ? కాళ్లు మొక్కేవాణ్ణి.”

“నువ్వు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నావు. మేం పంపిన జీపు బోరబండ దగ్గర ఆగిపోయింది. పాపం, బస్సులు మారి, అడ్రసు అడుక్కుంటూ వచ్చాడు.”

“ఎక్కణ్ణుంచి?”

“బొంబాయి నుంచే బావా, మీ విమానంలోనే.”