కార్తీకంలో చేపల బుట్ట

కంచిలి దగ్గరి పల్లెలో, తవిటయ్య ఇంట్లో సత్యనారాయణ వ్రతం అప్పుడే ముగిసింది.

తవిటయ్యకి కిడ్నీ జబ్బు లేదని పలాసలో పరీక్ష చేసి చెప్పారు. ఇంటింటా కిడ్నీ రోగులుండే ఉద్దానంలో అంతకు మించిన శుభవార్త ఏముంటుంది? భార్య నీలవేణి అక్కడికక్కడే వ్రతం మొక్కుకుంది.

ప్రసాదం పంచుతుంటే గుమ్మం ముందు ఒక ముసలామె ఆగింది. నుదుట పచ్చబొట్టు. నెత్తిన చేపల బుట్ట, పైన గుడ్డ కప్పి ఉంది.

నీలవేణికి ఒళ్ళు మండింది.

"కార్తీకమాసంలో, వ్రతం సేసుకున్న ఇంటికి సేపలేటి? ఎవులు కొంతారు?"

"కొనొద్దులేమ్మా. మీ ఆయన్ని పలాసలో పరీక్షల కాడ సూసినాను. రొప్పుతన్నాడు. పడుకుంటే ఊపిరాడతందా?"

తవిటయ్య నవ్వాడు. "జీడితోటలో పని మరి. నా బదులు నువ్వొచ్చి సేత్తావేటి?"

"కిడ్నీ బాగుంటే మరా ఆయాసం ఎక్కడిది బావూ? ఓపాలి గుండె సూపించుకో."

"మంచిమాట రాదేటి నీ నోట?" నీలవేణి గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఎల్లిపో."

ముసలామె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఊపిరందకపోతే మాత్రం పడుకోబెట్టకమ్మా. కూకోబెట్టే తీసుకెల్లు."

ఆమె నిలబడ్డ చోట నీలవేణి పసుపునీళ్ళు చల్లింది.

భోజనాలయ్యాయి. తవిటయ్య నడుం వాల్చాడు.

కాసేపటికే లేచి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. నోరు తెరిచి గాలికోసం వెతుక్కుంటున్నాడు.

"ఏటైనాది? ఏటైనాదయ్యా?"

మాట రాలేదు. కళ్ళతోనే భార్యని పట్టుకున్నాడు.

పక్కింటి కన్నయ్య ఆటో తెచ్చాడు. "ఎనక సీట్లో పడుకోబెట్టు వదినా. బేగి."

నీలవేణి మగడి తల ఒళ్ళోకి తీసుకోబోయి ఆగిపోయింది.

"వద్దు. కూకోబెట్టే తీసుకెల్దాం."

దారి పొడవునా అతను ముందు కడ్డీ పట్టుకుని వంగి కూర్చున్నాడు. వీపు మీద ఆమె అరచెయ్యి. ఆ వీపు కదలడం ఆగుతుందేమోనని ఆమె చెయ్యి తీయలేదు. స్వామిని తలుచుకుందామంటే ముసలామె మొహమే కనబడింది.

పలాస ఆసుపత్రిలో ఊపిరి నిలబెట్టి, టెక్కలిలో గుండె డాక్టరు దగ్గరికి పంపారు.

గండం గడిచాక డాక్టరు యామిని చెప్పింది.

"గుండె రక్తాన్ని బాగానే నెడుతోంది. తిరిగి వదులవడమే సరిగా లేదు. గుండెకి రక్తం తెచ్చే నాళాలు సన్నబడ్డాయి. రక్తం చాలక బిగుసుకుపోయింది. లోపలికి దిగాల్సిన రక్తం వెనకే ఆగి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది."

"వదులవడానిక్కూడా బలం కావాలా అమ్మా?"

"కావాలి. రక్తం తగ్గితే ముందు దెబ్బతినేది అదే. పడుకోబెట్టకుండా తెచ్చారు, మంచి పని చేశారు."

నీలవేణి తల వంచుకుంది. పూజ చేసుకున్నది తను. దేవుడి మాట పలికింది ఎవరు?

తవిటయ్య కోలుకోగానే ఆమె ఒక చీర, నాలుగు కొబ్బరికాయలు పట్టుకుని, ఊళ్ళోకి చేపలొచ్చే బారువ తీరానికి వెళ్ళింది. నుదుట పచ్చబొట్టు, నెత్తిన బుట్ట అని చేపలోళ్ళ వీధిలో అడిగింది. ఇసకలో చేపలు ఎండబెడుతున్న రూప అనే ఆమె చెయ్యి ఆపింది.

"మా అత్త. పోయిన వారమే కాలం సేసింది."

నీలవేణి అక్కడే కూలబడింది.

"తిట్టి పంపేసినాను తల్లీ. గుమ్మంలో బేరం కూడా సెయ్యనియ్యలేదు."

"బేరమేటమ్మా?" రూప గోడకున్న బుట్ట తీసి ఆమె ముందు పెట్టింది. "మా మావకి, అత్త పెనిమిటికి, కిడ్నీ బాగుందంతే సంబరపడి ఊరుకున్నాం. గుండెతో పోయినాడు. అప్పట్నించీ మా అత్త ఆ పరీక్షల కాడే కూకునేది. రొప్పుకుంటానే నవ్వుకుంటా ఎల్లినోళ్ళ ఊరు కనుక్కుని ఎల్లేది. ఉత్తి సేతుల్తో ఎల్తే గుమ్మం కాడ ఎవులు నిలబడనిత్తారని ఈ బుట్ట ఎత్తుకునేది గానీ, ఇందులో ఏనాడూ ఒక్క సేప లేదమ్మా."