చేపల కాపురం

“అడుక్కి మాత్రం దిగొద్దండి మేష్టారూ. పైపైన చూసుకుని వచ్చేయండి,” అన్నాడు ముసలి జగ్గయ్య, లంగరు తాడు బిగించి కడుతూ.

“పైభాగం చూడ్డం అయిపోయింది జగ్గయ్య గారూ. అసలు సంగతంతా అడుగునే ఉంటుంది,” అన్నాడు సాలమోను.

“అడుగున బురదండి. కాలు దిగబడిందంటే మేం వచ్చి లాగలేం.”

పడవ వెనక కూచున్న వీర్రాజు తెడ్డు ఒళ్లో పెట్టుకుని సాలమోను వంకే చూస్తున్నాడు.

సాలమోను అమలాపురం కాలేజీలో జువాలజీ చెబుతాడు. వైనతేయం నది సముద్రంలో కలిసే మొగకి ఎదురుగా, డెబ్భై ఏడు తుపాన్లో మునిగిందని అందరూ చెప్పుకునే మరబోటు ఒకటుంది. మునిగిన బోటులో చేపలు ఎలా కాపురం పెడతాయో తేల్చాలని అతని పట్టుదల. ఒడ్డునున్న పాలెం నుంచి ఈ ఇద్దరే అతన్ని పడవ మీద తీసుకొస్తున్నారు.

“అలాగేలెండి,” అని, విశాఖపట్నం నుంచి తెప్పించుకున్న గాలి సిలిండరు వీపుకి కట్టుకుని సాలమోను నీళ్లలోకి దూకేడు.

మాఘమాసం నీళ్లు తేటగా ఉన్నాయి. బోటు ఒక పక్కకి ఒరిగి పడుంది. ఒళ్లంతా గుల్లలు పట్టేశాయి. పార చేపలు గుంపులు గుంపులుగా కదులుతున్నాయి. మనిషంత పండుగప్ప ఒకటి బోటులో చేపలు నిలవచేసే తొట్టిలోంచి తల బయటపెట్టి చూసి, మెల్లగా లోపలికి జరిగింది. సాలమోనుకి ఒళ్లు పులకరించింది. ఇంత దూరం వచ్చి అడుగు చూడకుండా ఎలా వెళ్తాడు? దిగేడు.

మోకాళ్ల మీద వంగి బోటు అడుగు చెక్కని తడిమేడు. వేలు ఒక చిల్లులోకి పోయింది. పక్కనే ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. అన్నీ గుండ్రంగా, ఒకే వరసలో ఉన్నాయి. తుపాను వేసే చిల్లులు కావవి. వడ్రంగి బర్మా పెట్టి తొలిచినవి.

చుట్టూ తిరిగి బోటులోని గది తలుపు దగ్గరికి వెళ్లేడు. తలుపుకి బయటినుంచి అడ్డంగా చెక్క వేసి మేకులు దిగ్గొట్టేరు. సందులోంచి చిన్న చేపలు వస్తూ పోతూ ఉన్నాయి. వాటి వెనక లోపల తెల్లగా ఎముకలున్నాయి. అవి చేపలవి కావు.

గబగబా పైకి తేలేడు. వీర్రాజు రెక్క పట్టుకుని పడవలోకి లాగేడు. ఆ పట్టు వెంటనే వదల్లేదు.

“అడుక్కి వెళ్లేరాండి?” అన్నాడు జగ్గయ్య.

“లేదండి.”

“మోకాళ్లకి బురదుందండి.”

సాలమోను చుట్టూ చూసేడు. ఒడ్డు సన్నటి గీతలా కనిపిస్తోంది. జగ్గయ్య కత్తి తీసి, పడవలో ఉన్న కొబ్బరిబొండం ఒకటి చేతిలోకి తీసుకుని చెక్కడం మొదలెట్టేడు.

“ఆ బోటోళ్లు వీర్రాజు తమ్ముడి పడవ మీదికి బోటు ఎక్కించేసేరండి. బాబోయ్, బాబోయ్ అని కేకలేసినా ఆపలేదండి. అంతకుముందు వాళ్ల వల్ల మా వలలు పోతే ఊరుకున్నాం. మనిషి పోతే ఎలా ఊరుకుంటామండి?” చాలా మర్యాదగా, నెమ్మదిగా అన్నాడు. “ఇంతకీ తమరేం రాస్తారండి?”

“చేపలు బాగా పెరుగుతున్నాయని.”

“బోటు ఎలా మునిగిందంటారు?”

సాలమోను వీర్రాజు చేతిలోని తెడ్డు వైపు చూసేడు. అమలాపురంలో ఉన్న భార్య రాహేలు గుర్తొచ్చింది.

“తుపానుకి,” అన్నాడు.

“ఆయ్,” అన్నాడు జగ్గయ్య. మొహం విప్పారింది. బొండం మూతి కొట్టి అందించేడు. “తాగండి మేష్టారూ. చలిగా ఉన్నట్టుంది మీకు.”

వీర్రాజు లంగరు లాగేడు. పడవ ఒడ్డు వైపు తిరిగింది. గండం గడిచిందనుకుని సాలమోను గటగటా తాగేడు.

అప్పుడే దూరంగా ఇంజను చప్పుడు వినిపించింది. మొగలోంచి కొత్త మరబోటొకటి సముద్రంలోకి వస్తోంది. పైన నిలబడ్డ మనుషులు వీళ్లకి చేతులూపేరు. జగ్గయ్య కూడా నవ్వుతూ చెయ్యూపి, సాలమోను పక్కకొచ్చి కూచున్నాడు.

“చదువుకున్నోరు, మీరే చెప్పాలండి. దాన్నెక్కడ ముంచితే చేపలు బాగా చేరతాయండి?”