సంతకాల కాగితం

ఎమర్జెన్సీ రోజులు. ఊరి పంచాయతీని రద్దుచేసి ఆఫీసరును కూర్చోబెట్టడం అన్యాయమని అర్జీ రాసి ఊళ్లో సంతకాలు పెట్టించిన శ్రీపాదరావు మాస్టారిని, దాన్ని పంపకముందే పోలీసులు ఆదోనికి పట్టుకుపోయి మూడు రోజులైంది.

"వదినా, సంతకాల కాగితం యాడుంది?" అన్నాడు పక్కింటి సేతుమాధవరావు.

మాస్టారి భార్య రాధాబాయికి మొదటినుంచీ అతనిమీదే అనుమానం. "కాల్చేసినాను," అంది.

"నిజంగానే కాల్చెయ్. సాయంత్రం సోదాకు వస్తాండారు. సాక్షిగా నన్ను రమ్మన్నారు."

"నిన్నెందుకు?"

అతను తల దించుకున్నాడు. "అన్న పేరు చెప్పింది నేనే వదినా. వాళ్ల దెబ్బలకు తాళలేకపోయినాను. సంతకాలు పెట్టిన ఆ నలభైమందికి మాత్రం ఈ గతి పట్టకూడదు."

ఆమె బియ్యం డబ్బాలోని కాగితం తీసి పొయ్యిలో పెట్టింది. అది బూడిదయ్యేదాకా అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చో," అంది చివరికి.

"కూర్చోలేను వదినా."