తక్కిన సగం

"నేను లోపలికి రాను, అన్నా," అంది సుమ, ఐసీయూ తలుపు ముందు ఆగిపోయి.

మాధవ చేతులు జోడించాడు. మూడు రోజులుగా అతనికి కంటి మీద కునుకు లేదు. లోపల మంచం మీద ఉన్నది అతని తండ్రి, రిటైరైన హెడ్మాస్టర్ గుండూరావు. ఇక చేయగలిగిందేమీ లేదని ఆస్పత్రి డాక్టర్లు చెప్పేశారు. అయినా ముసలాయన నెమ్మదించడం లేదు. మత్తుమందు ఇచ్చినా గంటకోసారి ఉలిక్కిపడి లేస్తున్నాడు. గొట్టాలు పీకేసుకుంటున్నాడు. "సుమ వచ్చిందా?" అని అడుగుతున్నాడు. చివరికి చేతులు మంచానికి కట్టేశారు.

ఆ సుమ ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. మాధవ కేజీఎఫ్‌లో తండ్రి పనిచేసిన స్కూలుకు వెళ్లి, ఆయా నారాయణమ్మ దగ్గర ఫోన్ నంబరు సంపాదించి, నిన్నంతా బతిమాలితే ఈమె వచ్చింది. తీరా వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"మీ నాయన నాకేం చేసినాడో మీకు తెలుసునా?"

తెలియదన్నాడు. ఆమె గోడకేసి చూస్తూ చెప్పింది. ఆరేళ్ల కిందట ఆ స్కూల్లో ఆమె తాత్కాలిక టీచరు. వార్షికోత్సవం రోజు స్టేజీ ఎక్కి, తను కట్టిన కవిత చెప్పింది. బంగారు గని దిబ్బల దుమ్ము కూలీల లైన్ల ఇళ్ల మీద పడడం గురించి. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు మొహాలు మాడ్చుకున్నారు. హెడ్మాస్టర్ సగంలో మైకు ఆపించాడు. మర్నాడు పొద్దున ఆమెను పనిలోంచి తీసేశాడు.

లోపలి నుంచి మళ్లీ ఆ పిలుపు వినబడింది.

"తిట్టల్లంటే తిట్టండమ్మా," అన్నాడు మాధవ. "ఒక్కసారి కనబడండి, చాలు. ఆయన అట్లా కొట్టుకునేది నేను చూడలేకున్నా."

సుమ చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

గుండూరావు ఆమెను వెంటనే గుర్తుపట్టాడు. కట్టేసిన చేతులతోనే దండం పెట్టబోయాడు. నర్సు వద్దంటున్నా ఆక్సిజన్ మాస్కు పక్కకు తోసుకోవడానికి తల అటూ ఇటూ తిప్పాడు. మాధవే దాన్ని కాస్త జరిపాడు.

"నీ నోటికాడ కూడు తీసేసినానమ్మా," అన్నాడు ముసలాయన. మాటకూ మాటకూ మధ్య ఎగశ్వాస. "మళ్లా ఏ స్కూల్లోనూ తీసుకోకుండా నేనే ఫోన్లు చేసి చెప్పినా. అదిగూడా నేనే. ఇప్పుడేం చేస్తా ఉండావు? ఎట్లా బతుకుతా ఉండావు?"

ఆ ఫోన్ల సంగతి సుమకు ఇంతవరకూ తెలియదు. ఆమె దవడ బిగుసుకోవడం మాధవ చూశాడు. ఇక తిడుతుందనుకుని తల దించుకున్నాడు.

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నేను కవితలు చెప్తా ఉండాను సార్," అంది. "అదే నా పని ఇప్పుడు."

నెమ్మదిగా మొదలుపెట్టింది. పనిపోయిన నెలకు, వేరే పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లే రైలెక్కిందట. ఆడవాళ్ల పెట్టెలో, ఎవరో అడిగితే అదే కవిత చెప్పిందట. ఒకమ్మాయి ఫోన్లో తీసి నలుగురికీ పంపింది. వారం తిరక్కుండానే ఒక కాలేజీవాళ్లు పిలిచారు. అక్కడ విన్నవాళ్లు హైదరాబాదు పిలిచారు. వెయ్యిమంది కూర్చున్న హాల్లో చెబితే అందరూ లేచి నిలబడ్డారు. వచ్చే నెల ఢిల్లీకి రమ్మని విమానం టిక్కెట్టు కూడా పంపారు. చెప్పేకొద్దీ ఆమె గొంతు పెద్దదవుతోంది. చేతులు కదులుతున్నాయి. పక్క మంచం దగ్గరున్న నర్సు కూడా ఇటు తిరిగి వింటోంది.

"మీరు తీసేయకుండా ఉంటే నేను ఇంగా ఆ స్కూల్లోనే హాజరు వేసుకుంటా ఉందును సార్. ఇవన్నీ నేను అడగకనే వచ్చినాయి. మీకు థాంక్స్ చెప్పల్లని ఎన్నాళ్లుగానో అనుకుంటా ఉండాను."

గుండూరావు కళ్లలోంచి నీళ్లు కారి దిండు తడిసింది.

"ఆ పొద్దు సగంలో ఆపించినాను," అన్నాడు. "తక్కింది చెప్పమ్మా."

సుమ లేచి నిలబడింది. వీపు నిటారు చేసుకుంది.

"గాలి లేచిందంటే మా లైన్లలో
ఎవురూ కిటికీ తెరవరు.
తాతలు తవ్విపోసిన దుమ్ము
మనవళ్ల పలకల మీద కూర్చుంటాది.
వాళ్లు దాన్ని తుడవరు సార్,
దాని మీదనే వేలుతో
అ ఆలు దిద్దుకుంటారు."

ఒకచోట మాట తడబడింది. మళ్లీ అందుకుని చివరిదాకా చెప్పింది.

ముసలాయన పెదవులు కదిలాయి గానీ మాట పైకి రాలేదు. ఊపిరి నెమ్మదించింది. రెప్పలు వాలాయి. నర్సు వచ్చి నాడి చూసి, నిద్రపోతున్నాడని చెప్పి చేతుల కట్లు విప్పింది. మూడు రోజుల్లో మందు లేకుండా ఆయన నిద్రపోవడం ఇదే మొదలు.

మాధవ ఆమె వెనకే వరండాలోకి వచ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. మా నాయన చేసిన చెడు మీకు మంచిగా తిరిగింది, అంతకన్నా ఏం కావాలి అన్నాడు. ఢిల్లీ కార్యక్రమం ఏ తేదీనో చెబితే ఇంటిల్లిపాదీ ఫోన్లో చూస్తామన్నాడు.

సుమ వంగి చెప్పులు తొడుక్కుంది.

"ఢిల్లీ లేదు, హైదరాబాదూ లేదన్నా," అంది. "ఆ పొద్దు సార్ ఆపించినాక, నేను నోరు తెరిచి కవిత చెప్పింది ఈ పొద్దే."