లోపలికి ఒక్కరే

“ఒక్కరే లోపలికి!” ఆసుపత్రి గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఫినాయిల్ తాగిందన్నా పిల్ల! వదులు!” బస్సు కండక్టర్ అరిచాడు. ఆరేళ్ల కూతురు అతని భుజం మీద తోటకూర కాడలా వేలాడుతోంది. నోటి చుట్టూ నురగ. అతని యూనిఫాం కాలరంతా ఫినాయిల్ కంపు.

గార్డు అతని భార్య నుదుటికి జ్వరం చూసే మిషన్ గురిపెట్టాడు. అది కీచుమంది.

“ఈమె రాకూడదు. మీరు వెళ్లండి.”

“జ్వరం కాదయ్యా, ఎండలో పరిగెత్తుకొచ్చాను,” ఆమె ఏడ్చింది.

కండక్టర్ వెనక్కి తిరిగాడు. “సీసా కింద పెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? విన్నావా?”

“కింద పెట్టలేదండీ. బీరువా మీదే పెట్టాను. పిల్ల మీద ఒట్టు...”

“పిల్ల మీద ఒట్టు పెట్టే రోజా ఇది!” అనేసి లోపలికి పరుగు తీశాడు.

పిల్లల వార్డులో ఇప్పుడు పిల్లలు లేరు, అందరూ కరోనా రోగులే. తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బను, లోపల ఒకటే దగ్గులు. పాపని వరండాలో బెంచీ మీదే పడుకోబెట్టారు. డాక్టరమ్మ ఆవిరి పట్టిన కళ్లద్దాల్లోంచి వంగి చూసింది.

“వాంతి చేయించారా?”

“ఉప్పునీళ్లు పట్టించామండీ.”

“అయ్యో, చేయించకూడదు! ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సిస్టర్, ఆక్సిజన్!”

సిలిండర్లు ఖాళీ లేవు. సిస్టర్ రిబ్బను దాటి లోపలికెళ్లి, ఒకటి దొర్లించుకొచ్చింది. అది ఎవరి మంచం పక్కదో, ఆ మనిషి ఏమయ్యాడో కండక్టర్ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

పాప డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. జేబులో ఫోన్ మోగింది. గేటు బయటనుంచి భార్య.

“ఎలా ఉందండీ?”

“చూస్తున్నారు.”

“నా తప్పేనండీ. నేనే ఎక్కడో కింద పెట్టేసి ఉంటాను.”

“ఊరుకో. ఇప్పుడవన్నీ ఎందుకు,” అన్నాడు. మాస్కు తడిసిపోయింది.

సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. “గండం గడిచినట్టే. రేపటిదాకా కనిపెట్టుకుని ఉండాలి,” అని డాక్టరమ్మ వెళ్లిపోయింది. కాసేపటికి పాప కళ్లు తెరిచింది.

సిస్టర్ బెంచీ పక్కన గొంతుకూర్చుంది. “జ్యూస్ అనుకున్నావా బంగారం?”

పాప తల అడ్డంగా ఊపింది. “ఫినాయిలే. కుర్చీ మీద స్టూలేసుకుని తీశాను.” గొంతు బొంగురుపోయింది.

“తాగితే జబ్బు చేస్తుందని తెలీదూ?”

“తెలుసు. జబ్బు చేసినవాళ్లనే ఇక్కడికి రానిస్తారంటగా. అందుకే తాగాను.”

దుప్పటి సర్దుతున్న సిస్టర్ చెయ్యి ఆగిపోయింది. “ఇక్కడికెందుకు తల్లీ?”

“తాతయ్య ఇక్కడే ఉన్నాడుగా. తీసుకెళ్లమంటే నాన్న వద్దంటాడు.”

“ఓస్, అంతేనా!” సిస్టర్ నవ్వుతూ లేచి కండక్టర్ వైపు తిరిగింది. “ఏ వార్డండీ? కిటికీలోంచైనా చెయ్యూపమని చెప్పొస్తాను.”

కండక్టర్ ఆమె వెంటే నడిచాడు. పాపకి వినపడనంత దూరం వచ్చాక నోరు విప్పాడు.

“మా నాన్న పోయి నెలైంది సిస్టర్. దానికింకా చెప్పలేదు.”